తీగె మోసేది అక్షరాన్నా, నాదాన్నా?

‘శబ్దం’ అనే మాటకు మన శాస్త్రాలలో రెండర్థాలు ఉన్నాయి. చెవికి వినబడే ధ్వని ఒకటి, అర్థాన్నిచ్చే పదం మరొకటి. పండిత శిక్షణలో చేరిన తొలినాళ్ళలోనే మా గురువుగారు ఈ రెండింటినీ కలగాపులగం చేయవద్దని హెచ్చరించేవారు. శబ్దమంజరి చేతబట్టి రామశబ్దం వల్లె వేస్తూంటే ఒకడిది బొంగురు గొంతు, ఒకడిది కీచు గొంతు, మరొకడిది జలుబు చేసిన గొంతు. ఎవరు చెప్పినా రామశబ్దం రామశబ్దమే. ధ్వని మారింది గాని పదం మారలేదు. ముప్పయ్యయిదేళ్ళు బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన తరువాత ఈ చిన్న భేదం నాకు మళ్ళీ పనికివచ్చింది. అదీ వ్యాకరణంలో కాదు, పాటలు వినే యంత్రానికి తగిలించే ఒక తీగె విషయంలో!

ఇళ్ళలో పాటలు వినే పద్ధతి ఇప్పుడు చాలా మారింది. గ్రామఫోను రికార్డు, క్యాసెట్టు, సీడీ ఒకదాని వెంట ఒకటి వెనుకబడ్డాయి. పాట ఇంట్లోనే ఒక మూలనున్న డిస్కులోనో, ఎక్కడో దూరదేశపు కంప్యూటరులోనో ఉంటుంది. అక్కడి నుంచి రౌటరుకు, రౌటరు నుంచి స్ట్రీమరు అనే పెట్టెకు వస్తుంది. ఆ పెట్టె నుంచి యాంప్లిఫయరుకు, స్పీకర్లకు చేరుతుంది. రౌటరుకూ స్ట్రీమరుకూ మధ్య ఉండే తీగెనే నెట్‌వర్కు కేబులని, ఈథర్నెట్ కేబులని అంటున్నారు. బజారులో రెండు మూడు వందల రూపాయలకు దొరుకుతుంది. అదే కొలతలతో వెండి తీగెలు వేసి, పైన అందమైన అల్లిక అల్లి, వేలకు వేలు ధర కట్టి అమ్మేవారూ ఉన్నారు. అది తగిలిస్తే గాయకుని గొంతు విచ్చుకుంటుందనీ, వాద్యాల నడుమ ఎడం తెలుస్తుందనీ వారి ప్రచారం. కొన్నవారిలో కూడా పలువురు అవునవును, తేడా విన్నామంటారు.

ఇది నిజమేనా? నా సమాధానం ముందే చెబుతాను. కాదు. సవ్యంగా పనిచేస్తున్న మామూలు తీగెను తీసి ఖరీదైన తీగె పెట్టినందువల్ల పాట మాధుర్యం పెరగదు. అయితే తేడా విన్నామనే వారిని అబద్ధీకులనో, అమాయకులనో అనడం నాకు ఇష్టం లేదు. ఎందుకో చివరి వరకు చదివితే మీకే తెలుస్తుంది.

మంచి తీగె వేస్తే మంచి ధ్వని వస్తుందనే నమ్మకం ఊరికే పుట్టినది కాదు. గ్రామఫోను ముల్లు నుంచి యాంప్లిఫయరుకు వెళ్ళే తీగెలో నడిచేది సాక్షాత్తు నాదతరంగపు నకలు. గాలిలో అల ఎట్లా లేచి పడుతుందో, తీగెలో విద్యుత్తు అట్లాగే లేచి పడుతుంది. దారిలో దానికి ఏ వికారం కలిగినా ఆ వికారం చెవికి చేరుతుంది. స్పీకరుకు మరీ సన్నని తీగె మరీ పొడవుగా వేస్తే ఈనాటికీ ధ్వని దెబ్బ తింటుంది. ఆ కాలపు అనుభవం మన మనసులో నాటుకొని ఉన్నది. చిక్కల్లా, నెట్‌వర్కు తీగెలో నడిచేది నాదం కాకపోవడమే. అందులో నడిచేవి అంకెలు. నా పరిభాషలో చెప్పాలంటే అక్షరాలు.

సీడీలో పాటను ఎట్లా దాస్తారో చూడండి. నాదతరంగపు ఎత్తును సెకనుకు 44,100 మార్లు కొలుస్తారు. ఒక్కొక్క కొలతను 16 సున్నా-ఒకట్ల వరుసగా రాస్తారు. ఎడమ చెవికి ఒక వరుస, కుడి చెవికి ఒక వరుస. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. ఈ బిట్లు తీగె మీద వోల్టేజి రూపంలోనే ప్రయాణిస్తాయి, నిజమే. అయితే అవతలి పెట్టె చూసేది ‘ఇది ఏ అక్షరం?’ అనే ఒక్క సంగతి. ఉత్తరం ముత్యాలకోవ వంటి దస్తూరీలో రాసినా, కోడిగీతలతో రాసినా, చదవగలిగినంతవరకు అందులోని వార్త ఒక్కటే గదా! ముత్యాలకోవలో రాసినంత మాత్రాన ‘క్షేమం’ అనే మాట మరింత క్షేమం కాదు.

మరి అక్షరం మధ్యలో చెడిపోతే? ఇక్కడ నాకు మన ఛందస్సు గుర్తుకు వస్తుంది. తాళపత్రాల కాలంలో లేఖకుడు ప్రతి రాస్తూ ఒక అక్షరం వదిలేశాడనుకోండి. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. భ, ర, న, భ, భ, ర, వ గణాలు. పదవ అక్షరం యతిస్థానం. రెండవ అక్షరం ప్రాస. ఒక అక్షరం జారితే పాదం 19కి వస్తుంది, గణం కుంటుతుంది. రెండవ అక్షరం తప్పు పడితే ప్రాస చెడుతుంది. కవి ఏమి రాశాడో తెలియకపోయినా, ఇక్కడేదో తప్పు దొర్లిందని మాత్రం పరిష్కర్తకు తెలిసిపోతుంది. అప్పుడాయన మరొక ప్రతి తెప్పించి చూస్తాడు. కడపలో బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి అనేక ప్రతులు పోల్పించినది ఇందుకే. వేదాన్ని పుస్తకం లేకుండా కాపాడినవారు ఇంకా గట్టి కట్టడి చేశారు. పదాలను ముందుకూ వెనుకకూ తిప్పి చెప్పే జట, ఘన పాఠాలలో ఒక స్వరం తప్పినా పట్టుబడక తప్పదు.

నెట్‌వర్కు పద్ధతి కూడ సరిగ్గా ఇదే. బిట్లు ఏకధారగా పోవు. 1500 బైట్లకు మించని చిన్న చిన్న కట్టలుగా పోతాయి. ప్రతి కట్ట చివరా 4 బైట్ల ముద్ర ఒకటి ఉంటుంది. కట్టలోని బిట్లన్నిటినీ ఒక లెక్క ప్రకారం భాగించగా మిగిలిన శేషమది. అవతలి పెట్టె అదే లెక్క మళ్ళీ వేసి, శేషం కలిసిందా లేదా చూస్తుంది. కలవకపోతే ఆ కట్టను పారవేస్తుంది. మామూలుగా పాటలు పంపే పద్ధతిలో ఆ కట్టను మళ్ళీ పంపమని కబురు వెళుతుంది, మరొక ప్రతి వస్తుంది. ఆ ముద్రకు సుమారు 429 కోట్ల రూపాలు సాధ్యం. అడ్డదిడ్డంగా చెడిన కట్ట కాకతాళీయంగా సరైన ముద్రతో దాటిపోవడం అన్ని కోట్లలో ఒక వంతు మాట. మన యతిప్రాసల కంటే ఇది కఠినమైన పరీక్షకుడని ఒప్పుకోక తప్పదు.

తీగె శక్తి సంగతి కూడ చూద్దాం. చౌకరకమని చిన్నచూపు చూసే క్యాట్ 5ఇ తీగె 100 మీటర్ల దూరం వరకు సెకనుకు 100 కోట్ల బిట్లు మోయగలదు. సీడీ పాటకు కావలసినది 14 లక్షల చిల్లర. అంటే అవసరానికి ఏడు వందల రెట్లకు పైగా సత్తువ. ఇంతకంటే సూక్ష్మంగా, 24 బిట్లతో సెకనుకు 1,92,000 మార్లు కొలిచిన పాటకైనా 92,16,000 బిట్లు చాలు. అప్పటికీ నూరు రెట్లు మిగులు. క్యాట్ 6, క్యాట్ 8 అని పైమెట్ల తీగెలున్నాయి. అవి వేగం కోసం. క్యాట్ 8 తీగె 30 మీటర్లలోపు సెకనుకు 4,000 కోట్ల బిట్లు మోస్తుంది. పెద్ద పెద్ద కంప్యూటరు కేంద్రాలకు అది అవసరం. గోదావరి మీద వంతెనను ఎంత వెడల్పు చేసినా, దాని మీద నడిచే చీమ నడక మారదు గదా.

ఇంతవరకు అనుమాన ప్రమాణం. కాని నైయాయికులు మొదట చెప్పినది ప్రత్యక్షాన్ని. ‘నేను నా చెవులతో విన్నానయ్యా’ అనేవారికి లెక్కలు చూపి నోరు మూయించడం న్యాయం కాదు. ఆ మాట నాతో అన్నవారు మా వియ్యంకులవారే!

మా అమ్మాయి మామగారు కాకినాడలో ఉంటారు. బ్యాంకు ఉద్యోగం చేసి విరమించారు. సంగీతమంటే ప్రాణం. ఆయన ఒక దుకాణం నుంచి నలభై అయిదు వేల రూపాయల నెట్‌వర్కు తీగెను వారం రోజుల షరతు మీద తెచ్చారు. నచ్చితే డబ్బు, నచ్చకపోతే వాపసు. ‘బావగారూ, మీరు పద్యంలో అరసున్న జారినా పట్టేస్తారు. మీ చెవి మీద నాకు నమ్మకం. వచ్చి విని, చెప్పండి’ అని ఫోను చేశారు. పింఛను డబ్బు. పైగా వియ్యంకులవారు. అవునంటే ఆయన డబ్బుకు చేటు, కాదంటే మర్యాదకు చేటు.

వెళ్ళాను. పెట్టారు, విన్నాను. ఆయన ముఖం వెలిగిపోతున్నది. ‘చూశారా, గొంతు ఎంత దగ్గరకు వచ్చిందో!’ అన్నారు. నాకేమీ తోచలేదు. అట్లాగని ఆయన వెలుగు నటన కాదు. చీకటిలో తాడును చూసి పాము అనుకొన్నవాడి గుండెదడ నిజమైనదే. వాడిని పిరికివాడని వెక్కిరిస్తే దడ తగ్గదు. దీపం తెచ్చి చూపించాలి.

ఆ దీపం ఏమిటో బడిపంతుళ్ళకు బాగా తెలుసు. పదో తరగతి పబ్లిక్ పరీక్షల జవాబుపత్రాలు దిద్దేవారి చేతికి వచ్చేసరికి విద్యార్థి పేరుండదు, హాల్ టికెట్టు నంబరుండదు. సంకేతసంఖ్య మాత్రం ఉంటుంది. దిద్దేవారు మోసగాళ్ళని కాదు ఈ ఏర్పాటు. తరగతిలో మొదటివాడి కాగితమని తెలిస్తే, ఎంత నిష్ఠాపరుడైనా, సందేహం వచ్చిన చోట కలం వాడి వైపే మొగ్గుతుంది. మనసు స్వభావం అది. ఖరీదైన తీగె అని తెలిసినపుడు చెవి స్వభావమూ అదే.

‘బావగారూ, పేర్లు చెరిపి దిద్దుదామా?’ అన్నాను. ఆయన నవ్వి ఒప్పుకున్నారు. ఇంజనీరింగు చదువుతున్న మా మనవడు, ఇద్దరికీ మనవడే గనుక పక్షపాతం లేనివాడు, మధ్యవర్తిగా కుదిరాడు. మేమిద్దరం వరండాలో కూర్చుంటాము. వాడు నాణెం ఎగరవేస్తాడు. బొమ్మ పడితే ఖరీదు తీగె, బొరుసు పడితే మామూలు తీగె తగిలిస్తాడు. పెట్టె వెనుక తువ్వాలు కప్పి, పాట మొదలుపెట్టి, కాగితం మీద గుర్తు వేసుకొని, వాడి ముఖం కూడ మాకు కనబడకుండా పెరట్లోకి పోయి కేక వేస్తాడు. ధ్వని హెచ్చుతగ్గుల మీటను ఎవరూ ముట్టుకోకూడదు. ఏ కాస్త బిగ్గరగా ఉన్నా అదే బాగున్నదనిపించడం చెవికి మామూలే. ఇట్లా 12 సార్లు విన్నాం.

నాకు అయిదు సరిపోయాయి. ఆయనకు ఏడు.

‘సగానికి మించింది కదా’ అన్నారాయన. మనవడు కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఊరికే నాణెం ఎగరవేసి చెప్పినా 12కు ఏడో అంతకు మించో సరిపోయే అవకాశం నూటికి 39 పాళ్ళు. పది సరిపోయి ఉంటే అది నూటికి రెండు పాళ్ళ లోపు జరిగే వింత, అప్పుడు ఆలోచించవలసి వచ్చేది. ఆయన లెక్కలలో ఆరితేరిన బ్యాంకు మనిషి. మారు మాట్లాడలేదు గాని, మనసు ఒప్పుకోలేదని ముఖమే చెబుతున్నది.

అప్పుడు మనవడు లేచి, పాట నడుస్తూండగానే, పెట్టెకు ఉన్న తీగెను పట్టుకొని ఊడబెరికాడు.

పాట ఆగలేదు! పల్లవి పూర్తయింది. సంగతులు రెండు వచ్చాయి. అనుపల్లవి ఎత్తుకొని కొంత దూరం పోయిన తరువాత గాని నిశ్శబ్దం రాలేదు. ‘పెట్టె ముందుగానే కొన్ని కట్టలు తెచ్చి తన కొట్టులో పెట్టుకుంటుంది తాతయ్యా, దాన్ని బఫరంటారు. అందులో నుంచి తన గడియారం ప్రకారం తీసి వాయిస్తుంది. మనం వినేది తీగెను కాదు, ఆ కొట్టును’ అన్నాడు వాడు. కొన్ని యంత్రాలు పాట మొత్తాన్నీ ముందే తెచ్చి దాచుకుంటాయట.

తర్కం చదువుకున్నవారికి ఇంతకంటే వేరే నిరూపణ అక్కర లేదు. ఏది ఉంటే ఏది ఉంటుందో అది అన్వయం, ఏది లేకపోతే ఏది లేదో అది వ్యతిరేకం. కారణమని చెప్పాలంటే రెండూ కుదరాలి. ఇక్కడ తీగె లేదు, మాధుర్యం ఉన్నది. వ్యతిరేకం చెడింది. బండి ఊరు చేరి, బియ్యం కొట్టులో పోసిన తరువాత, బండి చక్రాలకు ఇత్తడి కట్టు వేయించినందువల్ల అన్నం రుచి మారదు.

మా ఇంటి ముచ్చట అటుంచితే, లోకంలోనూ ఈ పరీక్షలు జరిగాయి. 2008లో డెనాన్ సంస్థ మీటరున్నర పొడవు గల ఇటువంటి తీగెను 499 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. సంకేతం ఏ దిక్కుగా పోవాలో చూపే బాణపు గుర్తులు కూడ దానిపై ఉండేవి. లోకం చాలానే నవ్వుకుంది. ఇంటి నెట్‌వర్కు తీగెలో సంభాషణ రెండు వైపులా నడుస్తుందని ఇక్కడ గుర్తుంచుకోవాలి. 2015లో ఆర్స్ టెక్నికా అనే అమెరికా పత్రికవారు సుమారు 340 డాలర్ల తీగె ఒకటి కొని, జేమ్స్ రాండి సంస్థతో కలసి లాస్ వేగాస్‌లో పరీక్ష పెట్టారు. తీగె పేరు చెప్పకుండా వినిపిస్తే, విన్నవారు దాన్నీ మామూలు తీగెనూ వేరుచేసి చెప్పలేకపోయారు.

ఎదుటి పక్షంలో కాస్త బలమున్న వాదం ఒకటున్నది. దాన్ని దాటవేయడం మర్యాద కాదు. ‘అక్షరాలు మారకపోవచ్చు, కాని తీగె వెంట విద్యుత్తు రొద కూడ వచ్చి యాంప్లిఫయరును కలుషితం చేయవచ్చు గదా’ అంటారు. ఆలోచించదగిన మాటే. తీగెలోపల ఎనిమిది పోగులు జంటలు జంటలుగా మెలివేసి ఉండడం ఇందుకే. టెలిఫోను పితామహుడు గ్రాహం బెల్ 1881లోనే ఈ మెలికకు పేటెంటు పొందాడు. బయటి రొద జంటలోని రెండు పోగుల మీదా సమానంగా పడుతుంది, అవతలివైపు రెండింటి భేదాన్ని మాత్రమే తీసుకుంటారు, రొద కొట్టుకుపోతుంది. పైగా తీగె దూరే ప్రతి ద్వారం వద్దా చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉండి, రెండు పెట్టెల విద్యుత్తులను వేరుగా ఉంచుతుంది. 1500 వోల్టుల పరీక్షకు తట్టుకునే ఎడబాటు అది. చిత్రమేమిటంటే, పైన లోహపు తొడుగున్న ఖరీదు తీగెలు కొన్నిచోట్ల రెండు పెట్టెల లోహశరీరాలను కలిపివేసి, లేని గుయ్యిమనే రొదను తెచ్చిపెట్టగలవు. తొడుగు లేని మామూలు తీగె వేస్తే అది పోతుంది.

తీగె మార్చవలసిన సందర్భాలు లేవని కాదు. ఎలుక కొరికినా, కొన విరిగినా, దూరం 100 మీటర్లు దాటినా మార్చాలి. కాని అప్పుడు వచ్చే దోషం వేరు. పాట తెగుతుంది, ఆగుతుంది, టప్పుమంటుంది. గొంతులో తీపి తగ్గదు. అక్షరం ఎగిరిపోయిన పద్యం కుంటుతుంది గాని, పద్యమంతా కొంచెం చప్పబడటం జరగదు.

ఈథర్నెట్ అనే పేరులోనే ఒక పాఠం ఉన్నది. 1973లో ఈ పద్ధతికి రూపం ఇచ్చిన రాబర్ట్ మెట్కాఫ్, ‘ఈథరు’ అనే పాతమాటను తీసుకున్నాడు. కాంతి ప్రయాణించడానికి ఏదో ఒక ద్రవ్యం జగమంతా వ్యాపించి ఉండాలని పూర్వపు శాస్త్రజ్ఞులు నమ్మి, దానికి పెట్టిన పేరది. మన తార్కికులు శబ్దానికి ఆశ్రయంగా ఆకాశాన్ని చెప్పినట్లే. 1887లో మైకెల్సన్, మోర్లీ అనే ఇద్దరు ఎంతో ఓపికగా ఆ ఈథరు జాడ కోసం కొలిచి చూశారు. జాడ కనబడలేదు. ఉండి తీరాలని పెద్దలందరూ అనుకున్నదాన్ని కూడ కొలిచి చూడవలసిందేనని ఆ ప్రయోగం నేర్పింది.

మా వియ్యంకులవారి కథలో నేనింకా చెప్పని ముక్క ఒకటున్నది. పరీక్షకు ఆయన ఎంచుకున్న పాట ఏ విద్వాంసులదీ కాదు. అది కాలం చేసి ఆరేళ్ళయిన మా చెల్లెమ్మగారి గొంతు, అంటే ఆయన అర్ధాంగిది. 1988 దసరాలలో బొమ్మల కొలువు ముందు కూర్చుని ఆమె పాడిన త్యాగరాజ కీర్తన. ఇంటి టేపురికార్డరులో పట్టిన క్యాసెట్టు. తరువాత ఎప్పుడో ఒక దుకాణంలో దాన్ని ఎంపీ3గా మార్పించారు. ‘ముసుగు వేసుకొని పాడుతున్నట్లుంటుంది బావగారూ. ఆ ముసుగు తొలగుతుందేమోనని...’ అని ఆగిపోయారు. నలభై అయిదు వేలు ఎందుకు పెట్టదలచారో అప్పుడు నాకు అర్థమయింది.

మనవడు ఆ ఫైలును చూసి, సెకనుకు 64 వేల బిట్లేనని చెప్పాడు. సీడీలో ఉండేదానిలో ఇరవై రెండో వంతు. 100 కోట్లు మోయగల తీగె చివర నిలబడి, 64 వేలలో లేనిదాన్ని అడుగుతున్నామన్నమాట. బిట్లు తగ్గించేటపుడు మొదట బలి అయ్యేవి పైస్థాయి ధ్వనులు. మన వర్ణమాలలో శ, ష, స అనే ఊష్మాలు ఉండేది అక్కడే. వయసు మీరిన చెవికి మొదట దూరమయ్యేవీ అవే.

‘అసలు క్యాసెట్టు ఉన్నదా?’ అని అడిగాను. బీరువాలో, ఆమె చీరల మధ్యన ఉన్నది.

ఊళ్ళో పాత టేపురికార్డర్లు బాగుచేసే మెకానిక్కు ఒకాయన ఇంకా ఉన్నారు. ఆయన హెడ్డును స్పిరిటుతో తుడిచి, దాని పక్కనున్న చిన్న స్క్రూను తిప్పుతూ చెవి ఒగ్గి విన్నారు. టేపుకు ఎదురుగా హెడ్డు నిలిచే వాలు, రికార్డు చేసినప్పటి వాలుతో కలవాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా పైస్థాయి ధ్వనులు మాసిపోతాయి. ఒకచోట గొంతు ఒక్కసారిగా తేటపడింది. అక్కడ స్క్రూ ఆపి, కుదింపు లేకుండా మళ్ళీ కంప్యూటరులోకి ఎక్కించారు. ఖర్చు వెయ్యి రూపాయలు దాటలేదు.

అద్భుతం జరగలేదు. టేపు బుస అట్లాగే ఉన్నది, చరణంలో ఒకచోట ధ్వని ఊగింది. కాని ‘స’కారం ‘స’కారంగా వినబడింది. పల్లవి రెండోసారి వచ్చేటపుడు, ఎంపీ3లో ఎన్నడూ లేని చిన్న చప్పుడొకటి లయగా తోచింది. ఆమె తొడ మీద తాళం వేస్తూంటే గాజులు కలిసిన చప్పుడు. మా బావగారు మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నారు. వినిపించినది ఆ రెండు వందల రూపాయల తీగె గుండానే. ఖరీదు తీగె మరునాడు దుకాణానికి వాపసు వెళ్ళింది.

కనుక నా మనవి ఇది. పాట బాగులేదనిపిస్తే, లోపం ఎక్కడ ఉన్నదో అక్కడ వెతకండి. మొదట మూలప్రతి: ఎట్లా రికార్డయింది, ఎట్లా నకలయింది. తరువాత స్పీకర్లు, వాటిని ఎక్కడ ఉంచారు. గోడమూలకు నొక్కి పెట్టిన స్పీకరును రెండడుగులు ముందుకు జరిపితే కలిగే తేడాకు పైసా ఖర్చు లేదు. తరువాత గది: నున్నని గోడల మధ్య ధ్వని గంతులు వేస్తుంది, ఒక జంబుఖానా, నాలుగు పుస్తకాల బీరువాలు దాన్ని అణకువగా ఉంచుతాయి. తరువాత, మా వయసువారైతే, చెవుల పరీక్ష. ఇవన్నీ అయ్యాక కూడ తీగె మీద అనుమానం మిగిలితే, పాట నడుస్తూండగా ఒక్కసారి దాన్ని ఊడదీసి చూడండి. మీ ఇంట్లో పాట ఎంతసేపు సాగిందో నాకు కూడ రాయండి.

అమ్మేవారి మాట ఆప్తవాక్యం కాదు. తన లాభం కలిసిన మాటను మన పూర్వులు ప్రమాణంగా స్వీకరించలేదు. కాని కొనేవారిని చూసి నవ్వేముందు, వారు ఏ గొంతు కోసం కొంటున్నారో ఒక్క మాట అడిగి తెలుసుకోండి.

స్వస్తి.